ప్యాక్-మ్యాన్ దెయ్యాల బుర్రలో ఏముంది?

ప్యాక్-మ్యాన్ అనే వీడియో గేమ్‌లో గుండ్రటి నోటి బొమ్మను నడుపుతూ చిక్కుదారిలోని చుక్కలన్నీ తినాలి, వెంటపడే నాలుగు దెయ్యాలకు దొరక్కూడదు. దాన్ని కొన్నాళ్లు ఆడినవాళ్లెవరిని అడిగినా ఆ దెయ్యాల గురించి ఇంచుమించు ఒకే మాట చెబుతారు. ఎర్రది వదలకుండా వెంటపడుతుంది. గులాబీది ఎక్కడి నుంచో తిరిగొచ్చి ఎదురుగా నిలబడుతుంది. లేత నీలంది ఎప్పుడు ఎటు వస్తుందో అంతుపట్టదు. నారింజది దగ్గరిదాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు వెళ్లిపోతుంది. ఇది ఆడేవాళ్ల భ్రమ కాదు. 1980లో ఆ ఆటను తయారుచేసినవాళ్లు నాలుగు దెయ్యాలకూ కావాలనే నాలుగు స్వభావాలు పెట్టారు.

ఆ స్వభావాల వెనక ఉన్న లెక్క చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది, అంత చిన్నది. దెయ్యానికి ముందుచూపు లేదు, జ్ఞాపకం లేదు, గోడల మధ్య దగ్గరి దారి ఏదో వెతుక్కునే తెలివి కూడా లేదు. మొత్తం ఆట ప్రోగ్రాం 16 కిలోబైట్లు. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో దానికి వంద రెట్లకు పైనే ఉంటుంది. అంత చోటులోనే చిక్కుదారి, చుక్కలు, పళ్లు, స్కోరుతో పాటు ఈ నాలుగు దెయ్యాలూ సర్దుకున్నాయి. అయినా ఆడుతుంటే నాలుగూ కూడబలుక్కుని మనల్ని చుట్టుముడుతున్నట్టే ఉంటుంది.

అలా అనిపించేలా చేసింది ఏ ఒక్క దెయ్యం తెలివీ కాదు, నాలుగింటి మధ్య ఉన్న తేడా. ఈ సంగతి కాగితం, పెన్సిల్ పట్టుకుని ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. అభిమానులు తర్వాతి కాలంలో ఆ మెషీన్ చిప్పుల్లోని కోడ్‌ను వరుస వరుసా విప్పి చదివారు కాబట్టి ఇందులో ఊహకు పెద్దగా తావు లేదు. ఒక మాట: 90ల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించుకుని ఆడిన వీడియో గేమ్ క్యాసెట్లలోనో, 2010 మేలో గూగుల్ మొదటి పేజీ మీదో ఈ ఆట ఆడినవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పే అంకెలన్నీ నాణెం వేసి ఆడే అసలు ఆర్కేడ్ మెషీన్‌వి.

ఎవరి కోసం చేశారు

ఈ ఆటను రూపొందించింది జపాన్ కంపెనీ నామ్కోలో పనిచేసిన తోరు ఇవతానీ. 1977లో ఆయన అందులో చేరారు. మరుసటి ఏడాది స్పేస్ ఇన్వేడర్స్ వచ్చి జపాన్‌ను ఊపేసింది. ఆ దెబ్బతో గేమ్ సెంటర్లలో ఎక్కడ చూసినా కాల్చడం, పేల్చడమే మిగిలింది. అక్కడికి వచ్చేది చాలావరకు మగవాళ్లే. ఆడవాళ్లు, జంటలు కూడా వచ్చి సరదాగా ఆడుకునే ఆట ఒకటి ఉండాలని ఇవతానీ అనుకున్నారు. అందుకే తుపాకీ స్థానంలో నోరు వచ్చింది, శత్రు విమానాల స్థానంలో రంగురంగుల బొమ్మ దెయ్యాలు వచ్చాయి. కోడ్ రాసింది షిగియో ఫునాకి. 1980 మేలో టోక్యోలోని షిబుయాలో మెషీన్‌ను ప్రయోగాత్మకంగా పెట్టారు. అదే ఏడాది అమెరికాలో మిడ్‌వే కంపెనీ విడుదల చేసింది.

దెయ్యాలు అలా ఎందుకు ప్రవర్తిస్తాయో తెలియాలంటే ఈ ఉద్దేశం గుర్తుంచుకోవాలి. మొదటిసారి జాయ్‌స్టిక్ పట్టుకున్న మనిషి అర నిమిషంలో చచ్చిపోయి వెళ్లిపోకూడదు. అలాగని టెన్షన్ లేకపోతే రెండో నాణెం వేయరు. ఇవతానీ తర్వాత ఇంటర్వ్యూల్లో రెండు సంగతులు చెప్పారు. నాలుగు దెయ్యాలూ ఒకేలా వెంటపడితే ఒకదాని వెనక ఒకటి వరుస కట్టి వస్తాయి తప్ప ఆట ఉండదు, అందుకే ఒక్కోదానికి ఒక్కో పద్ధతి పెట్టారు. ఎడతెగకుండా తరుముతుంటే ఆడేవాళ్లు విసిగిపోతారు, అందుకే దాడి అలలు అలలుగా వచ్చి పోయేలా చేశారు. ఈ రెండు నిర్ణయాలనూ వదలకుండా పట్టుకుంటే మిగతా కోడ్ అంతా అర్థమైపోతుంది.

దెయ్యం అడుగు ఎలా వేస్తుంది

కంప్యూటర్ కంటికి స్క్రీన్ అంటే గళ్ల కాగితం. అడ్డంగా 28 గళ్లు, నిలువుగా 36. ఒక్కో గడి 8 పిక్సెళ్ల చదరం. దెయ్యం బొమ్మ మనకు గడికన్నా పెద్దగా కనిపించినా, దాని నడిమి బిందువు ఏ గడిలో ఉంటే దెయ్యం ఆ గడిలో ఉన్నట్టు లెక్క. దెయ్యం, ప్యాక్-మ్యాన్ ఒకే గడిలోకి వస్తే ప్రాణం పోయినట్టు. ఎప్పుడో ఒకసారి రెండూ ఎదురెదురుగా వచ్చి, సరిగ్గా ఒకే క్షణంలో గళ్లు మార్చుకుంటే ఏ క్షణంలోనూ ఒకే గడిలో ఉండవు. అప్పుడు ప్యాక్-మ్యాన్ దెయ్యంలోంచి దూరి అవతలికి వెళ్లిపోతాడు. ఆడేవాడు అదృష్టం అనుకుంటాడు. నిజానికి అది గళ్ల లెక్కలో ఉన్న సందు.

దెయ్యానికి ఎప్పుడూ ఒక 'గురి గడి' ఉంటుంది. నాలుగు దెయ్యాల తేడా అంతా ఆ గురి గడి ఎక్కడ అన్నదాంట్లోనే ఉంది. అక్కడికి చేరే పద్ధతి మాత్రం నాలుగింటికీ ఒక్కటే. దెయ్యం తనంతట తాను వెనక్కి తిరగకూడదు. దారి చీలే చోటుకు వచ్చినప్పుడు, వెనక్కి కాకుండా మిగిలిన దారుల్లో ఒక్కోదాని మొదటి గడి నుంచి గురి గడికి సరళరేఖలో ఎంత దూరమో చూస్తుంది. ఏది తక్కువైతే అటు వెళుతుంది. రెండు దూరాలు సమానమైతే పై దారికి మొదటి ప్రాధాన్యం, తర్వాత ఎడమ, ఆ తర్వాత కింద. కుడి ఆఖరున. అంతే.

ఇక్కడ కీలకమైనది సరళరేఖ. మధ్యలో గోడలున్నాయన్న సంగతి దెయ్యానికి పట్టదు. ప్యాక్-మ్యాన్ గోడకు అవతల రెండు గళ్ల దూరంలో ఉంటే, నిజంగా అక్కడికి చేరడానికి పెద్ద చుట్టు తిరగాల్సి వచ్చినా, దెయ్యం లెక్కలో అది రెండు గళ్లే. అందుకే ఒక్కోసారి చూస్తుండగానే తప్పు దారి పట్టి, గోడ చుట్టూ తిరిగి వస్తుంది. స్క్రీన్ ఎడమ, కుడి అంచులను కలిపే సొరంగం కూడా దాని లెక్కలోకి రాదు. ప్యాక్-మ్యాన్ ఎడమ వైపు దూరి కుడి వైపు తేలితే, గురి ఒక్కసారిగా స్క్రీన్ అవతలికి ఎగిరిపోయినట్టే.

అప్పటి 3 మెగాహెర్ట్జ్ జడ్-80 ప్రాసెసర్‌కు ఇంతకన్నా బరువైన పని ఇవ్వడం కష్టం కాబట్టి ఇలా చేశారని కొందరు అంటారు. కావచ్చు. కానీ దగ్గరి దారి ఎప్పుడూ తప్పకుండా కనుక్కునే దెయ్యాన్ని పెట్టి ఉంటే కొత్తగా వచ్చిన ఆటగాడికి ఊపిరి ఆడేది కాదు. దెయ్యం చేసే చిన్న చిన్న పొరపాట్లలోంచే మనం తప్పించుకుంటాం. వెనక్కి తిరగకూడదన్న నియమం కూడా మన మేలు కోసమే. ఒక సందులోకి దెయ్యం తిరిగిందంటే తర్వాతి మలుపు దాకా అది అటే పోతుంది. ఆ నమ్మకం లేకపోతే దాని పక్క నుంచి దూరిపోయే ధైర్యం ఎవరికీ రాదు.

చిక్కుదారిలో నాలుగు కూడళ్లకు ఇంకో ప్రత్యేక నియమం ఉంది. దెయ్యాల ఇంటికి (చిక్కుదారి నడుమ అవి బయలుదేరే గదికి) కాస్త పైన రెండు, ప్యాక్-మ్యాన్ బయలుదేరే చోట రెండు. మామూలుగా తిరుగుతున్నప్పుడు దెయ్యాలు అక్కడ పైకి మళ్లలేవు. మనం మళ్లొచ్చు. దీని పుణ్యమా అని ఒక రహస్య స్థావరం ఏర్పడింది. బయలుదేరే చోటు నుంచి కాస్త కుడికి వెళ్లి, పైకి ఎక్కి, పైకే చూస్తూ ఆగిపోతే, ఏ దెయ్యమూ అప్పటికే వెంట లేకపోతే, చాలాసేపు అక్కడ ఎవరూ ముట్టుకోరు. దెయ్యాలు చుట్టుపక్కల తిరుగుతూనే ఉంటాయి, ఆ సందులోకి మాత్రం రావు. అప్పట్లో ఆర్కేడ్ ఆటగాళ్లు మధ్యలో కాస్త విశ్రాంతి తీసుకోవడానికి ఈ చోటు వాడుకునేవారు.

నాలుగు గురులు

ఎర్ర దెయ్యం బ్లింకీ గురి అందరికన్నా సులువు. ప్యాక్-మ్యాన్ ఉన్న గడే దాని గురి. ఎక్కడుంటే అక్కడికి. అందుకే అది ఎప్పుడూ వెనక తోకలా అంటుకుని ఉంటుంది.

దానికి ఒక అదనపు గుణం ఉంది. చుక్కలు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. మొదటి లెవెల్‌లో మొత్తం 244 చుక్కల్లో 20 మిగిలేసరికి బ్లింకీ వేగం ప్యాక్-మ్యాన్ వేగానికి సమానమవుతుంది. 10 మిగిలేసరికి మించిపోతుంది. పైగా మిగతా దెయ్యాలు విరామం తీసుకునే సమయంలోనూ అది తరమడం ఆపదు. లెవెల్ ఆఖర్లో చుక్కలు అక్కడక్కడా చెదురుమదురుగా మిగిలి, వాటి కోసం చాలా దూరం తిరగాల్సి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఈ ఒత్తిడి మొదలవుతుంది. లేకపోతే ఆఖరి చుక్కలు ఏరుకోవడం విసుగు పుట్టించే పనయ్యేది.

గులాబీ దెయ్యం పింకీ గురి ప్యాక్-మ్యాన్ కాదు, ప్యాక్-మ్యాన్ ముఖం తిరిగి ఉన్న దిశలో 4 గళ్ల అవతలి చోటు. మనం ఎక్కడికి వెళ్లబోతున్నామో అక్కడికి అది వెళుతుంది. పొడవాటి సందులో బ్లింకీ వెనక తరుముతుంటే, పింకీ పక్క సందులోంచి వచ్చి ముందు మలుపు దగ్గర తేలుతుంది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నట్టే ఉంటుంది. నిజానికి పింకీకి బ్లింకీ ఉన్న సంగతే తెలియదు.

పింకీ బలమే దాని బలహీనత కూడా. అది మనకు ఎదురుగా 3 గళ్ల దూరంలో ఉందనుకోండి. మనం దానివైపే వెళుతుంటే దాని గురి మన ముందు 4 గళ్లు, అంటే పింకీకే వెనక ఒక గడి. వెనక్కి తిరగడం నిషిద్ధం. మధ్యలో పక్క దారి ఏదైనా ఉంటే, తన వెనకనున్న గురిని చేరుకోవడానికి చాలాసార్లు అటు మళ్లిపోతుంది. అందుకే పాత ఆటగాళ్లు పింకీని చూసి పారిపోరు, దాని మీదికే వెళతారు. వెంటపడే దెయ్యం ముందు ధైర్యంగా నిలబడితే అదే తప్పుకోవడం చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ పక్క దారి లేని సందులో ఈ పప్పు ఉడకదు.

ఈ లెక్కలో ఒక పొరపాటు కూడా దొర్లింది. ప్యాక్-మ్యాన్ పైకి చూస్తున్నప్పుడు మాత్రం పింకీ గురి 4 గళ్లు పైన కాకుండా, 4 గళ్లు పైకి, 4 గళ్లు ఎడమకు ఉంటుంది. అడ్డం, నిలువు స్థానాలను రెండు వేర్వేరు అంకెలుగా కాక, పక్కపక్కన పెట్టి ఒకే పెద్ద అంకెగా కూడటం వల్ల ఒకదాని లెక్క పొంగి రెండోదానిలోకి పోయింది. సరిచేయడం కష్టమేమీ కాదు. అయినా అలాగే వెళ్లిపోయింది, ప్రపంచమంతా ఆ తప్పుతోనే ఆడింది, ఆటగాళ్లు ఆ తప్పును కూడా నేర్చుకున్నారు. పైకి వెళ్తున్నప్పుడు పింకీ కాస్త ఎడమకు లాగుతుందని వాళ్ల చేతికి తెలుసు.

లేత నీలం దెయ్యం ఇంకీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొత్తం ఆటలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే లెక్క ఇదే. దాని గురికి రెండు చోట్లు కావాలి. మొదట ప్యాక్-మ్యాన్‌కు 2 గళ్ల ముందున్న చోటు తీసుకుంటుంది. బ్లింకీ ఉన్న గడి నుంచి ఆ చోటుకు ఒక గీత గీస్తుంది. ఆ గీతను అదే దిశలో అంతే పొడవు ఇంకా ముందుకు లాగుతుంది. గీత కొస ఎక్కడ ఆగితే అదే ఇంకీ గురి. (పింకీ లెక్కలోని తప్పే ఇక్కడా ఉంది, పైకి చూసేటప్పుడు 2 గళ్లు ఎడమకు జరుగుతుంది.)

మాటల్లో గందరగోళంగా ఉంటే అంకెలు వేసి చూడండి. ప్యాక్-మ్యాన్ కుడికి వెళుతున్నాడు. బ్లింకీ అదే వరుసలో 5 గళ్ల వెనక ఉంది. ప్యాక్-మ్యాన్ ముందు 2 గళ్ల చోటు దాకా బ్లింకీ నుంచి 7 గళ్లు. ఇంకో 7 కలిపితే ఇంకీ గురి ప్యాక్-మ్యాన్‌కు 9 గళ్ల ముందు పడుతుంది. బ్లింకీ దగ్గరికొచ్చి ఒక్క గడి వెనకే ఉందంటే గీత 3 గళ్లు, ఇంకో 3 కలిపితే ఇంకీ గురి 5 గళ్ల ముందుకు వచ్చేస్తుంది. బ్లింకీ వెనక నుంచి దగ్గరయ్యేకొద్దీ ఇంకీ ముందు నుంచి దగ్గరవుతోంది. ఇప్పుడు బ్లింకీని ఎదురుగా పెట్టండి, 10 గళ్ల ముందు. అక్కడి నుంచి గీత వెనక్కి 8 గళ్లు వస్తుంది, ఇంకో 8 లాగితే ఇంకీ గురి ప్యాక్-మ్యాన్‌కు 6 గళ్ల వెనక పడింది. బ్లింకీ ముందు నుంచి వస్తే ఇంకీ వెనక కాస్తుందన్నమాట.

కబడ్డీలో కూతకు వెళ్లినవాడి మీదికి ఒకడు దూకితే ఇంకొకడు గీత వైపు దారి మూసేస్తాడే, అలాంటి పట్టు ఇది. కబడ్డీ ఆటగాళ్లు ఏళ్లకేళ్లు సాధన చేసి సాధించే ఆ సమన్వయం ఇక్కడ ఒక కూడిక, ఒక తీసివేతలోంచి పుట్టింది. బ్లింకీకి ఇంకీ గురించి తెలియదు, ఇంకీ బ్లింకీతో ఏమీ చెప్పదు. బ్లింకీ ఉన్న చోటును చదువుకుంటుంది, అంతే. బ్లింకీ దూరంగా ఉన్నప్పుడు ఇంకీ గురి ఎక్కడో స్క్రీన్ అవతల పడుతుంది. అప్పుడది దిక్కుతోచనట్టు తిరుగుతుంది. ఆడేవాడు ఇంకీ ఒక్కదాన్నే చూస్తూ ఉంటే దాని తీరు ఎప్పటికీ అర్థం కాదు, ఎందుకంటే దాని లెక్కలో సగం వేరే దెయ్యం దగ్గర ఉంది.

నారింజ దెయ్యం క్లైడ్ ప్యాక్-మ్యాన్‌కు 8 గళ్లకు మించి దూరంగా ఉన్నంతసేపూ అచ్చం బ్లింకీలాగే వెంటపడుతుంది. 8 గళ్ల లోపుకు రాగానే స్క్రీన్ కింద ఎడమ మూలకు బయలుదేరుతుంది. వెళుతూ వెళుతూ మళ్లీ 8 దాటితే తిరిగి మన మీదికి. ఇలా వచ్చి పోతూ ఉంటుంది. దీన్ని పిరికి దెయ్యమని కొట్టిపారేసేవాళ్లున్నారు, కానీ మనం ఆ ఎడమ మూలలోనే చుక్కలు తింటున్నప్పుడు, తన మూలకు పోతున్న క్లైడ్ మన మీదుగానే పోతుంది. మూల దగ్గర చచ్చిపోయినవాళ్లలో చాలామందిని చంపింది ఇదే. క్లైడ్ లేకపోతే ఆట ఇరుకైపోతుంది. మూడు దెయ్యాలు మన చుట్టూ చేరినప్పుడు నాలుగోది ఎక్కడో దూరంగా తిరుగుతుండటం వల్లే తప్పించుకునే దారి ఒకటి మిగులుతుంది.

జపాన్‌లో ఈ నాలుగింటికీ పెట్టిన పేర్లలోనే వెంటాడేది, మాటు వేసేది, నిలకడ లేనిది, తెలియనట్టు నటించేది అన్న అర్థాలు ఉన్నాయి. అమెరికా మెషీన్ మీద ఆ వరుస చెదిరిపోయింది. పింకీకి వేగమైనదని పేరు పెట్టారు, అది మిగతావాటికన్నా వేగమైనదేమీ కాదు.

వెనక్కి తగ్గే సమయం

మొదటి లెవెల్ మొదలవగానే దెయ్యాలు మన మీదికి రావు. 7 సెకన్ల పాటు వాటి గురి వాటి సొంత మూల. బ్లింకీకి పైన కుడి, పింకీకి పైన ఎడమ, ఇంకీకి కింద కుడి, క్లైడ్‌కు కింద ఎడమ. ఆ గురులు అవి చేరలేని చోట్లలో ఉంటాయి. ఆగలేవు, వెనక్కి తిరగలేవు కాబట్టి ఆ మూలనున్న గోడ చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటాయి. తర్వాత 20 సెకన్లు తరుముతాయి. మళ్లీ 7 సెకన్లు విరామం, 20 తరుము, 5 విరామం, 20 తరుము, 5 విరామం. ఆ తర్వాత ఇక విరామం లేదు, లెవెల్ అయ్యేదాకా తరమడమే. ప్రాణం పోతే గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

తరుము నుంచి విరామానికి, విరామం నుంచి తరుముకు మారే ప్రతిసారీ నాలుగు దెయ్యాలూ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి. తమంతట తాము వెనక్కి తిరగకూడదన్న నియమానికి మినహాయింపులు రెండే: ఇదొకటి, మనం పెద్ద చుక్క (తింటే దెయ్యాలు కాసేపు నీలంగా మారి పారిపోయే చుక్క) తిన్నప్పుడు తిరగడం ఇంకొకటి. స్క్రీన్ మీద ఏ సంకేతమూ రాయకుండా, బెల్ మోగించకుండా, దెయ్యాల కదలికతోనే ఆడేవాడికి కబురు అందుతోంది. నాలుగూ తిరిగాయంటే ఏదో మారింది. మొదట్లో అది అదృష్టంలా కనిపిస్తుంది, కొన్నాళ్లకు దాని కోసం ఎదురుచూడటం అలవాటవుతుంది.

రెండో లెవెల్ నుంచి లెక్క కఠినమవుతుంది. మూడో విడత తరుము 1033 సెకన్లు, అంటే 17 నిమిషాలకు పైనే. దాని తర్వాతి విరామం సెకనులో 60వ వంతు. ఆ లోపు లెవెల్ అయిపోవడమో ప్రాణం పోవడమో జరుగుతుంది కాబట్టి, మూడు విరామాల తర్వాత ఇక ఊపిరి తీసుకోవడం ఉండదు. ఆడేవాళ్లలో చాలామందికి ఈ అంకెలు తెలియవు. రెండో లెవెల్ ఎందుకో ఎక్కువ ఉక్కిరిబిక్కిరి చేస్తుందని మాత్రం తెలుసు.

వేగాల్లోనూ ఇలాంటి సూక్ష్మమే ఉంది. మొదటి లెవెల్‌లో ప్యాక్-మ్యాన్ గరిష్ఠ వేగంలో 80 శాతంతో, దెయ్యాలు 75 శాతంతో వెళతాయి. అంటే మనమే వేగం. కానీ ఒక్కో చుక్క తిన్నప్పుడల్లా ప్యాక్-మ్యాన్ ఒక ఫ్రేమ్ (సెకనులో 60వ వంతు) పాటు ఆగుతాడు. వరుసగా తింటూ పోతే వేగం 71 శాతానికి పడిపోతుంది. అప్పుడు దెయ్యాలది పైచేయి. ఖాళీ సందులో పారిపోగలం, చుక్కలున్న సందులో పట్టుబడతాం. ఆట గెలవాలంటే చుక్కలు తినక తప్పదు, తింటే దెయ్యం దగ్గరవుతుంది. ఈ బేరమే ఆట. మలుపుల దగ్గర ప్యాక్-మ్యాన్ మూల కోసి తిరగగలడు, దెయ్యాలు తిరగలేవు. ప్రతి మలుపులో కొద్ది దూరం సంపాదించుకోవచ్చు. సొరంగంలో దెయ్యాల వేగం 40 శాతమే. 21వ లెవెల్ నుంచి మాత్రం దెయ్యాలే వేగం, అక్కడ మలుపులు తెలిసినవాడే బతుకుతాడు.

మొదటి లెవెల్‌లో నాలుగు దెయ్యాలూ ఒకేసారి బయటికి రాకపోవడం కూడా కొత్తవాళ్ల కోసమే. ఇంకీ మనం 30 చుక్కలు తిన్నాక వస్తుంది. క్లైడ్ మొత్తం చుక్కల్లో మూడో వంతు దాటాక గానీ ఇంట్లోంచి కదలదు. మూడో లెవెల్ నుంచి ఈ దయ ఉండదు. పైగా చుక్కలు తినకుండా కాలయాపన చేస్తే, తొలి లెవెళ్లలో 4 సెకన్లకు తర్వాతి దెయ్యాన్ని తలుపు తెరిచి పంపేస్తారు.

పెద్ద చుక్క తిన్నప్పుడు దెయ్యాలు నీలంగా మారి పారిపోయేటప్పుడు వాటికి గురి ఉండదు. కూడలి దగ్గర అవి ఎటు తిరగాలో యాదృచ్ఛిక సంఖ్య చెబుతుంది. మొదటి లెవెల్‌లో ఇది 6 సెకన్లు, తర్వాత తగ్గుతూ పోయి 19వ లెవెల్ నుంచి నీలంగా మారడమే ఉండదు, వెనక్కి మాత్రం తిరుగుతాయి.

కంఠస్థం చేసినవాళ్లు, దాన్ని చెడగొట్టినవాళ్లు

పైన చెప్పినవాటిలో ఎక్కడా నిజమైన అదృష్టం లేదు. యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చే లెక్క కూడా ప్రతి లెవెల్ మొదట్లో, ప్రతి ప్రాణం మొదట్లో ఒకే చోటు నుంచి మొదలవుతుంది. కాబట్టి మనం అచ్చం అదే దారిలో, అదే క్షణాల్లో తిరిగితే దెయ్యాలు కూడా అచ్చం అలాగే తిరుగుతాయి. అమెరికా ఆటగాళ్లు ఇది కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఏ లెవెల్‌కు ఏ దారి అని బొమ్మలు గీసుకుని, బట్టీపట్టి, ఒక్క నాణెంతో గంటల తరబడి ఆడారు. మెషీన్ పెట్టుకున్న దుకాణదారుకు అది నష్టం.

నా దృష్టిలో డిజైన్‌కు జరిగిన నష్టం అంతకన్నా పెద్దది. బట్టీపట్టిన ఆటగాడు దెయ్యాల వైపు చూడటం మానేస్తాడు. ఇంకీ గీత, పింకీ మాటు, క్లైడ్ ఊగిసలాట, ఇంత జాగ్రత్తగా పేర్చినదంతా అతనికి లేనట్టే. అయితే ఇందులో రెండో వైపు కూడా ఉంది. ఒకే పని చేస్తే ఒకే ఫలితం వస్తుంది కాబట్టే ఆట మనకు నేర్పగలిగింది. ఎక్కడ చచ్చామో, ఎందుకు చచ్చామో మళ్లీ వెళ్లి చూసుకునే వీలుంది.

దీనికి జవాబు అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన జనరల్ కంప్యూటర్ కార్పొరేషన్ నుంచి వచ్చింది. డగ్ మెక్‌రే, కెవిన్ కరన్ అనే ఎంఐటీ కుర్రాళ్లు పెట్టిన కంపెనీ అది. పాత మెషీన్లకు తగిలించి ఆటను మార్చే బోర్డులు చేసేవారు. ప్యాక్-మ్యాన్ కోసం చేసిన క్రేజీ ఒట్టో అన్న మార్పును మిడ్‌వే కొనుక్కుంది. అదే 1982లో మిజ్ ప్యాక్-మ్యాన్‌గా వచ్చింది. చిక్కుదారులు నాలుగయ్యాయి, పళ్లు నడవడం మొదలుపెట్టాయి. దెయ్యాల విషయంలో చేసిన మార్పు చాలా చిన్నది. లెవెల్ మొదట్లో మూలలకు పోయే మొదటి విరామంలో బ్లింకీ, పింకీ యాదృచ్ఛికంగా తిరుగుతాయి. ఆ కొద్ది సెకన్లు చాలు. బ్లింకీ ఒక్క మలుపు వేరేగా తిరిగితే తర్వాత దాని స్థానం వేరు, దాని స్థానం వేరైతే ఇంకీ గురి వేరు, అక్కడి నుంచి ఏ రెండు ఆటలూ ఒకేలా సాగవు. స్వభావాలను ముట్టుకోకుండా బట్టీని మాత్రమే చెడగొట్టిన ఈ పద్ధతి నాకు అసలు ఆటకన్నా నచ్చుతుంది.

అదే 1980లో షికాగో కంపెనీ స్టెర్న్ విడుదల చేసిన బెర్జర్క్‌ను పక్కన పెట్టి చూస్తే దారులు ఎంత వేరుగా ఉండొచ్చో తెలుస్తుంది. అలన్ మెక్‌నీల్ చేసిన ఆ ఆటలోని రోబోలు మనవైపు నడుస్తూ కరెంటు గోడలకు తగిలి చచ్చిపోతాయి, ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. వాటి మందబుద్ధే ఆటగాడికి ఆయుధం. ఒకే గదిలో ఎక్కువసేపు తచ్చాడితే ఈవిల్ ఒట్టో అనే నవ్వు ముఖం గోడలను లెక్కచేయకుండా ఎగురుకుంటూ వస్తుంది, దాన్ని చంపలేం. అక్కడ భయం పుట్టించేది శత్రువు స్వభావం కాదు, గడియారం. మంచి ఆటే, కానీ ఆడి లేచాక ఏ రోబో గురించీ 'ఇది ఇలాంటిది' అని చెప్పుకోలేం.

కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు దీన్ని చేసి చూడటం మంచిది. పైథాన్‌లో గళ్ల చిక్కుదారి ఒకటి గీసుకుని, నాలుగు దెయ్యాలకూ ముందు బ్లింకీ గురే ఇవ్వండి. కాసేపటికి నాలుగూ ఒకే సందులో వరుస కడతాయి, ఇవతానీ వద్దనుకున్నది అదే. ఒకదానికి పింకీ గురి ఇచ్చి మళ్లీ ఆడండి, తర్వాత ఇంకీ, తర్వాత క్లైడ్. విరామాలు అన్నిటికన్నా చివర పెట్టండి, అవి లేకుండా ఎంత అలసటగా ఉంటుందో ముందు తెలియాలి. పింకీ లెక్కలోని తప్పును దిద్దాలా ఉంచాలా అన్నది మీ ఇష్టం. పాత ఆటలాగే ఉండాలంటే మాత్రం, ప్యాక్-మ్యాన్ పైకి చూస్తున్నప్పుడు గురిని 4 గళ్లు ఎడమకు కూడా జరపాలి.